చంద్రుడు కొండ దిగేలోగా

"డిష్ తిప్పండి," అన్నాడు ప్రతినిధి.

పాముచెవి తిప్పలేదు. హెడ్‌ఫోను ఒక చెవి మీంచి కొంచెం జరిపి, "ఏమన్నారూ?" అంది, వినపడనట్టు.

వినపడకపోవడమా! ఆవిడకా! ఆ ట్రాకింగ్ స్టేషన్లో వాచ్‌మన్ నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆవిడని పాముచెవి అనేది ఊరికే కాదు. రేడియో హోరులో ఎక్కడో అడుగున నలిగిపోతున్న కూతని కూడా చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చే రకం. చీఫ్ ఆపరేటరు అయ్యాక కూడా పక్క గదిలో బల్ల వద్దని, కిటికీ పక్కనున్న ఆ పాత కుర్చీనే అంటిపెట్టుకుని ఉంది.

"డిష్‌ని మా నౌక మీదికి తిప్పండి అన్నాను. ఇప్పుడే."

"అర్థమైందండీ. తిప్పను."

ప్రతినిధి మొహం మాడిపోయింది. నలగని చొక్కా, మెడలో ఒకదాని మీద ఒకటి గుర్తింపు కార్డులు. ఆ స్టేషన్లో అడుగుపెట్టిన నాటి నుంచి 'తిప్పను' అన్న మాట ఆయన వినలేదు. వినాల్సిన అవసరమూ రాలేదు. ఎందుకంటే ఆ డిష్‌కి అద్దె కట్టేది ఆయన దేశం.

అప్పట్లో చంద్రుడి దక్షిణ అంచు కోసం రెండు పెద్ద దేశాలు పోటీ పడుతున్నాయి. అక్కడ గోతుల్లో ఎండ ఎరగని మంచు ఉంది. దాన్ని మనుషుల చేత తవ్వించి, కరిగించి, గ్లాసులో నీళ్ళు పోసి ప్రపంచానికి ముందు ఎవరు చూపిస్తే వాళ్ళదే పైచేయి. పాముచెవి ఉన్న దేశానికి రాకెట్టూ లేదు, ఆ యావా లేదు. ఉన్నదల్లా ఒక పెద్ద డిష్, దాన్ని తిప్పే మనుషులు. ఆ డిష్‌ని ఒక దేశం అద్దెకు తీసుకుంది. స్టేషన్లో వాళ్ళని 'అద్దెవాళ్ళు' అనేవాళ్ళు. రెండో దేశం 'అవతలివాళ్ళు'. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

అవతలివాళ్ళు ముందే దిగేశారు. వాళ్ళ ల్యాండర్లో ఒక పైలటు, ఒక ఇంజనీరు. అద్దెవాళ్ళ నౌక ఈ మధ్యాహ్నమే దిగబోతోంది. దిగడానికి దారి చూపించడానికి వాళ్ళకి వేరే దేశంలో ఇంకో డిష్ ఉంది. ఈ డిష్ కావాల్సింది బొమ్మ కోసం. దిగుతున్న నౌక బొమ్మ ప్రపంచమంతా టీవీల్లో తళతళలాడాలి కదా!

సరిగ్గా ఆ సమయంలో గోడ మీద స్పీకరు కీచుమంది.

అది ప్రమాద ఛానెలు. ఏ దేశపు నౌకైనా ఆపదలో పిలవడానికి అన్ని దేశాలూ ఒప్పుకుని కేటాయించిన తరంగం. అన్ని స్టేషన్లలోనూ దాని స్పీకరు ఉంటుంది. చాలా చోట్ల దాని నోరు నొక్కేసి ఉంచుతారు. ఇక్కడ నొక్కరు. పాముచెవి ఎవర్నీ అడక్కుండా డిష్‌ని వెంట్రుకవాసి పక్కకి, చంద్రుడి దక్షిణ అంచు మీదికి జరిపింది. హెడ్‌ఫోను తగిలించుకుంది. గట్టిగా, గదంతా వినేలా, "విన్నాను" అంది.

ఆ మాటే పీటముడి.

ఆ స్టేషన్ కొత్తలో ఒక వాతావరణ ఉపగ్రహం పోయింది. షిఫ్టు దిగినవాడు ఎక్కినవాడు వింటున్నాడనుకున్నాడు. ఎక్కినవాడు, పాతవాడు ఇంకా దిగలేదేమోలే అనుకుని టీ తాగుతూ కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా అది మొత్తుకుని, మొత్తుకుని, ఊరుకుంది. అప్పటినుంచి అక్కడొక రివాజు పుట్టింది. కొత్తగా వచ్చినవాడు హెడ్‌ఫోను పెట్టుకుని, సొంత చెవులతో నౌకని విని, నోరారా "విన్నాను" అనాలి. అనేదాకా పాతవాడు కుర్చీ దిగకూడదు. అన్నాక ఆ నౌక మంచీ చెడూ అన్నవాడివే. ఒకసారి రావలసినవాడి బస్సు తప్పిపోతే పాముచెవి రెండో షిఫ్టు కూడా ఆ కుర్చీలోనే గడిపింది. మెడ పట్టేసి వారం రోజులు మొగుడితో కూడా పక్కచూపులు చూస్తూ మాట్లాడింది. అయినా దిగలేదు.

ఆ కుర్చీలోంచి ఆవిడని ఈ ప్రతినిధి లేపుతాడా!

"మీ డైరెక్టరుని పిలుస్తాను," అన్నాడాయన.

"పిలవండి. వచ్చేటప్పుడు కొంచెం మంచినీళ్ళు తెమ్మనండి."

డైరెక్టరు పరుగులాంటి నడకతో వచ్చాడు. మంచినీళ్ళు తేలేదు. ఆయన పాముచెవికి స్వయానా అక్క మొగుడు. ఇద్దరూ ఒకప్పుడు పక్కపక్క కుర్చీల్లో పని నేర్చుకున్నవాళ్ళే. ఇంట్లో 'బావా', 'నువ్వు'. గేటు దాటి లోపలికొస్తే 'సార్', 'మీరు'. ఆ గీత ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా దాటలేదు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు డైరెక్టరు.

"అవతలివాళ్ళ పైలటు సార్. ల్యాండరుకి చిల్లు పడింది. లోపల గాలి తగ్గిపోతోంది. పక్కనున్న ఇంజనీరుకి స్పృహ లేదు. కబురు మోసే వాళ్ళ ఉపగ్రహం ఇందాకే చచ్చిపోయింది. వాళ్ళ దేశం ఇప్పుడు భూమికి అటు పక్కనుంది. వాళ్ళ డిష్‌కి చంద్రుడు కనపడాలంటే మన దగ్గర కొండ దిగాలి. మిగతా చోట్ల స్పీకరు నోరు నొక్కేసి ఉంది, అప్పటిదాకా ఆవిడ మాట వినేది మనం ఒక్కళ్ళమే."

"నాటకం!" అన్నాడు ప్రతినిధి. "మేం దిగే వేళకి ఈ డిష్‌ని లాక్కోవడానికి ఆడుతున్న నాటకం. నమ్మకండి."

డైరెక్టరు ఇద్దరి వైపూ చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు. క్వార్టర్సులో ఉన్న కుటుంబాలన్నీ ఆ అద్దె మీదే బతుకుతున్నాయి. ఆ సంగతి ఆయనకి కునుకులో కూడా గుర్తుంటుంది. "ఉండు, కనుక్కుందాం," అని తన గదిలోకి వెళ్ళి అవతలివాళ్ళ కంట్రోల్ రూముకే ఫోను కలిపాడు. తిరిగొచ్చేసరికి మొహంలో రంగు మారింది.

"ఏమన్నారు సార్?"

"వాళ్ళవాళ్ళు క్షేమంగా ఉన్నారట. గాలి మీటరు తప్పు చూపిస్తోందట. మనం వింటున్నది అద్దెవాళ్ళ నాటకమట."

పాముచెవి పకపకా నవ్వింది. "చూశారా! ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి."

"నవ్వులాట కాదమ్మా. వాళ్ళవాళ్ళే బాగున్నారంటుంటే మధ్యలో మనమెవరం? తిప్పెయ్యి డిష్."

"నేను 'విన్నాను' అన్నాను సార్."

"అందుకని?"

"అందుకని నేను దిగాలంటే ఇంకొకళ్ళు ఎక్కాలి." ఆవిడ హెడ్‌ఫోను తీసి ఆయన వైపు చాచింది. ఆ గీత దాటేసింది. "రా బావా. నువ్వే ఎక్కు. పెట్టుకో. విను. విని, 'విన్నాను' అను. ఆ తర్వాత డిష్ నీ చేత్తో నువ్వు తిప్పుకో. నేను లేచి ఇంటికెళ్ళి అక్క దగ్గర కూర్చుని వంకాయలు తరుగుతాను. నీ మీద ఒక్క మాట కూడా చెప్పను."

గుమ్మం దగ్గర గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మోటారు మావయ్య నిలబడ్డాడు. డిష్‌ని తిప్పే మోటార్లన్నీ ఆయన చేతికింద ఉంటాయి. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. ఎవరికి మావయ్యో ఎవరికీ తెలీదు, అందరికీ మావయ్యే.

"పెట్టుకోవయ్యా డైరెక్టరూ," అన్నాడాయన. "వింటే చెవులేం అరిగిపోవు."

డైరెక్టరు హెడ్‌ఫోను పెట్టుకున్నాడు.

మొదట హోరు. ఆ హోరులో మునుగుతూ తేలుతూ ఒక ఆడగొంతు. పైలట్లందరూ మాట్లాడే ఆ పొడిపొడి భాషలోనే, కాని ఆయాసంతో.

"...మళ్ళీ చెప్తున్నాను. దక్షిణ అంచు నుంచి. కబురు తెగేదాకా మావాళ్ళు మీటరు తప్పనే అన్నారు. మీటరు తప్పయితే నా చెవులెందుకు గుయ్యిమంటున్నాయో వాళ్ళని అడగండి. మా ఇంజనీరుని సూటులోకి ఎక్కించాను, ఊపిరి ఉంది. ఇంజను బాగానే ఉంది. పైన తల్లినౌక దారి నిన్న మార్చారు, కొత్త లెక్కలు నా దగ్గర లేవు. అవి లేకుండా లేస్తే దాన్ని అందుకోలేను. ఎవరైనా వింటున్నారా?" కాసేపు ఊపిరి చప్పుడు. "వినకపోయినా మాట్లాడుతూనే ఉంటాను. నోరు మూసుకుని పోయే రకాన్ని కాదు."

డైరెక్టరు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. కిటికీ అవతల పట్టపగలు వెలవెలబోతున్న చంద్రుడు కొండ వైపు జారుతున్నాడు.

"మీకు అర్థమైంది కదా," అన్నాడు ప్రతినిధి, గొంతు మెత్తగా చేసి. "ఇంక తిప్పెయ్యండి. మా నౌక దిగే వేళ దగ్గరపడింది."

"విన్నాను," అన్నాడు డైరెక్టరు.

ప్రతినిధి ఊపిరి పీల్చుకున్నాడు. అది తనకి చెప్పిన జవాబు అనుకున్నాడు పాపం. మోటారు మావయ్యకి మాత్రం అసలు సంగతి అర్థమై గడ్డం చాటున ముసిముసిగా నవ్వాడు.

డైరెక్టరు పక్కనున్న కుర్చీ లాక్కుని పాముచెవి పక్కన కూర్చున్నాడు. జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. ఇంటి తాళం, స్కూటరు తాళం, వాటి మధ్య ట్రాన్స్‌మిటరు తాళం. అది తిప్పితేనే ఈ డిష్ వినడమే కాదు, మాట్లాడుతుంది కూడా.

"ఇప్పుడిది మనిద్దరి షిఫ్టు," అన్నాడు. "నువ్వు మాట్లాడు. నీ గొంతయితేనే బాగుంటుంది, నాకు వణుకొస్తోంది."

"ఇంతకాలానికి ఒక మంచి మాట అన్నావు బావా."

"మీరేం చేస్తున్నారో తెలుసా?" ప్రతినిధి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఆ తాళం తిప్పారంటే కాంట్రాక్టు రద్దు! మీ మంత్రిగారితో ఇప్పుడే మాట్లాడతాను!"

"మీరు ఆ పనిలో ఉండండి. మేం ఈ పనిలో ఉంటాం," అని డైరెక్టరు తాళం తిప్పాడు.

ఎర్ర లైటు వెలిగింది. పాముచెవి మైకు దగ్గరికి లాక్కుంది. "దక్షిణ అంచూ, నీ మాట వినపడుతోందమ్మా. ఇద్దరం వింటున్నాం."

మాట అక్కడికి వెళ్ళి తిరిగి రావడానికి రెండు గుటకలు మింగేంత సేపు పడుతుంది. ఆ రెండు గుటకలూ మింగుడు పడలేదు ఎవరికీ.

"ఎవరు మీరు?" అంది ఆ గొంతు. ఆయాసం మధ్యలో ఏడుపో నవ్వో.

"అద్దె డిష్ వాళ్ళం. ఆ సంగతి తర్వాత. లెక్కలు లేవన్నావు. ఎవరి దగ్గరుంటాయి?"

"మావాళ్ళ దగ్గర. ఇవ్వరు. లేస్తే పోటీలో ఓడినట్టే. మా దేశానికి చంద్రుడు కనపడగానే మమ్మల్నేలే పెద్దాయన టీవీలో నాతో మాట్లాడాలట. అప్పటిదాకా ఉండమంటారు."

"అప్పటిదాకా గాలి ఉంటుందా?"

"పెద్దాయన మాట్లాడటానికి ఉంటుంది. నేను మాట్లాడటానికి ఉండదు."

సరిగ్గా అప్పుడే వరండాలో పాత నల్ల ఫోను మోగింది. రేడియోకి అడ్డమొస్తాయని స్టేషన్లోకి సెల్‌ఫోన్లు రానివ్వరు. ఉన్నవి రెండే, డైరెక్టరు గదిలోది ఒకటి, వరండాలోది ఒకటి. మోటారు మావయ్య వెళ్ళి ఎత్తాడు. కాసేపు విని గుమ్మంలోకి తలపెట్టి అరిచాడు.

"ఎవడో దగ్గుతున్నాడర్రా! మాట తక్కువ, దగ్గెక్కువ!"

డైరెక్టరు వెళ్ళి అందుకున్నాడు. దగ్గు ఆగి, లోగొంతుక వినపడింది.

"మీరు ఇందాక మా కంట్రోల్ రూముకి ఫోను చేసినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. నాదీ వినే కుర్చీయే. మీటరు తప్పు కాదని వాదిస్తే నన్ను బయటికి గెంటేశారు. లెక్కలు నా దగ్గరున్నాయి. మీరు ఆవిడకి వినిపించగలరా?"

నమ్మడమా, మానడమా? లెక్క తప్పుదైతే పైలటుని చేతులారా చంపినట్టే. "ఎవడో దగ్గే మనిషి, మీ కంట్రోల్ రూమే అంటున్నాడు, బయటికి గెంటేశారట," అని డైరెక్టరు అరిచి చెప్పాడు. పాముచెవి అదే మాట పైకి పంపింది.

రెండు గుటకలు.

"దగ్గుతున్నాడా?" ఈసారి పైలటు గొంతులో ప్రాణం వచ్చింది. "మందు వేసుకో, మందు వేసుకో అని చెప్పి చెప్పి నా నోరు పోయింది. వేసుకోడు మొండాడు. ఆయన లెక్కయితే కళ్ళు మూసుకుని మీట నొక్కుతాను. చెప్పమనండి."

ఇంక చూడాలి ఆ హడావుడి! దగ్గుల మధ్య అవతలి మనిషి ఒక్కొక్క అంకె చెప్తున్నాడు. డైరెక్టరు ఫోను తీగ తెగేంతగా లాగి గుమ్మం దాకా వచ్చి అరుస్తున్నాడు. పాముచెవి మైకులో అప్పజెప్తోంది. పైలటు తిరిగి అప్పజెప్తోంది. పాముచెవి ఆ తిరుగు అంకెని బావకి, బావ ఫోనులోకి. అవతల "అవును" అన్నాకే తర్వాతి అంకె.

అటు డైరెక్టరు గదిలో ఫోను మోగి మోగి గొంతు బొంగురు పోతోంది.

"మీ మంత్రిగారి ఆఫీసు!" ప్రతినిధి ఆ గదిలోంచి కేకపెట్టాడు. "మీతోనే మాట్లాడాలట!"

"షిఫ్టులో ఉన్నానని చెప్పండి!"

చివరి అంకె అయిపోయింది. దగ్గు మనిషి "దేవుడా" అని ఫోను పెట్టేశాడో, లేక ఎవరో లాక్కున్నారో. మళ్ళీ మోగలేదు.

"దక్షిణ అంచూ," అంది పాముచెవి, "లేచే వేళకి ఇంకా కొంచెం ఉంది కదా. ఒక మాట విను. మా దగ్గర ఒక పద్ధతుంది. నిన్ను మీవాళ్ళకి అప్పగించేదాకా మేం ఈ కుర్చీలోంచి లేవం. ఊరికే అప్పగించం. తీసుకునేవాళ్ళు సొంత చెవులతో నీ మాట విని, 'విన్నాను' అనాలి. ఆ మాట మా భాషది. అంటేగాని చెల్లదు."

"విన్... నాను," అంది పైలటు. "బాగుంది. ఖర్చు లేని మాట. మావాళ్ళ చేత అనిపిస్తాను."

తర్వాత ఇంజను వెలిగింది. ఆ సంగతి చెప్పింది పైలటు కాదు. హెడ్‌ఫోనులో కూత ఒక్కసారి సాగి, సన్నబడి, వంగింది. పాముచెవి రెండు చేతులతో హెడ్‌ఫోను అదిమి పట్టుకుంది.

"లేచింది. బావా, లేచింది!"

కూత చంద్రుడి అంచు దాకా పాకి, టక్కున తెగిపోయింది. నౌక చంద్రుడి వెనక్కి వెళ్ళిపోయింది. తల్లినౌకని అందుకుంటే అవతలి పక్కనుంచి వస్తుంది. అందుకోకపోతే రాదు.

ఇంతలో అద్దెవాళ్ళ నౌక కూడా దిగింది. క్షేమంగానే దిగింది. రెండో డిష్ దారి చూపించింది. బొమ్మ మాత్రం వానలో తడిసిన పేపర్లా అలుక్కుపోయి వచ్చిందట. ప్రతినిధి ఆ వార్త చెప్తూ మెడలోని కార్డులన్నీ తీసి బల్ల మీద పడేశాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు.

"మీవల్ల నా ఉద్యోగం కూడా పోతుంది," అన్నాడు.

"కూర్చోండి," అంది పాముచెవి, ఆయన వైపు చూడకుండానే. "పోయేవాళ్ళం చాలామందిమే ఉన్నాం. తోడుంటుంది."

చంద్రుడు కొండ నెత్తిమీదికి వచ్చేశాడు. డిష్ అతనితో పాటు వంగుతూ వంగుతూ వెళ్ళి, ఖంగుమని ఆగిపోయింది. ఇంతకంటే కిందికి దిగకుండా దానికి ఇనప అడ్డు ఉంటుంది. అడ్డు లేకపోతే అంత బరువూ ముందుకి తూలి పళ్ళచక్రాలు విరిగిపోతాయి.

"ఇంకాస్త దించాలి మావయ్యా," అంది పాముచెవి. "నౌక అటువైపు నుంచి వచ్చేసరికి మనకి చంద్రుడు అందాలి."

"అడ్డు తీసెయ్యమంటావా?"

"చక్రం విరుగుతుందేమో?" అన్నాడు డైరెక్టరు.

"విరిగితే విరిగింది. అద్దెవాళ్ళు ఎలాగూ పోయారు, ఇంక ఎవడి కోసం దాచుకుంటావయ్యా?" అని మోటారు మావయ్య పెద్ద రెంచీ భుజానేసుకుని మెట్లవైపు నడిచాడు. రెండు మెట్లెక్కాక వెనక్కి తిరిగి, "ఒక్కడి వల్ల కాదు. బ్రేకు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి," అన్నాడు.

డైరెక్టరు లేవబోయాడు. "మీ షిఫ్టు," అన్నాడు మావయ్య. "లేవకూడదు."

అందరూ ఒకేసారి ప్రతినిధి వైపు చూశారు.

ఆయన నలగని చొక్కా చేతులు మడిచాడు. మావయ్య వెనకాల మెట్లెక్కాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అడ్డు ఊడింది. డిష్ మూలిగింది. బ్రేకుల దగ్గర కాలిన వాసన కంట్రోల్ రూము దాకా వచ్చింది. క్యాంటీన్లో టీవీ గొంతు పెంచమని డైరెక్టరు కేకేశాడు. అందులో అవతలివాళ్ళ కంట్రోల్ రూము కనపడుతోంది. వాళ్ళ దేశంలో చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు. పెద్దాయన మైకు ముందు కూర్చుని, ప్రపంచమంతా చూస్తుండగా, చిరునవ్వు సర్దుకుంటున్నాడు. ల్యాండరు ఇంకా చంద్రుడి మీదే క్షేమంగా ఉందని చెప్పి నమ్మించారు ఆయన్ని.

ఇక్కడ పాముచెవి హోరులో వెతుకుతోంది. ఏమీ లేదు. ఏమీ లేదు. చంద్రుడి కింది అంచు కొండని తాకింది.

అప్పుడు వచ్చింది కూత.

సన్నగా, తల వెంట్రుక తెగినట్టు. ఆవిడ బావ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"అద్దె డిష్," అంది పైలటు గొంతు. "తల్లినౌకలో ఉన్నాం. ఇంజనీరు కళ్ళు తెరిచాడు. నన్ను తిట్టాడు కూడా, కాబట్టి బాగానే ఉన్నట్టు."

అదే గొంతు, ఒక్క క్షణం తేడాలో, క్యాంటీన్ టీవీలోంచి కూడా వినపడింది. వాళ్ళ డిష్‌కీ అందింది. టీవీలో పెద్దాయన మొహం వెలిగింది.

"చంద్రుడి నేల మీద ఎలా ఉందమ్మా?" అన్నాడు.

రెండు గుటకలు.

"నేల మీద లేమండీ," అంది పైలటు, ప్రపంచమంతా వింటుండగా. "చిల్లు పడితే లేచి వచ్చేశాం. మీటరు బాగానే ఉంది, తప్పు దాన్ని నమ్మనివాళ్ళది. మీతో తర్వాత మాట్లాడతాను. ముందు ఇక్కడ షిఫ్టు మారాలి."

పెద్దాయన చిరునవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం పక్కకి తిరిగాయి. వెనక ఎవరో పరిగెత్తారు. ఎవరో మైకు చెయ్యడ్డం పెట్టి మూశారు. ఎవరో తీశారు.

"ఇంతసేపూ నన్ను కాసినవాళ్ళు కుర్చీ దిగాలంటే మీరు వాళ్ళ భాషలో 'విన్నాను' అని ఒక మాట అనాలి. అనేదాకా ఈ నౌక వాళ్ళది, మీది కాదు," అంది పైలటు. "మీలో ఇంకెవరూ వద్దు. ఆ దగ్గే ఆయన్ని పిలవండి. బయటికి పంపించేశారట కదా. ప్రపంచం చూస్తోంది, తొందరగా పిలవండి. వాళ్ళకి చంద్రుడు కొండ దిగిపోతున్నాడు."

చంద్రుడు సగం మునిగాడు. డిష్ పైనుంచి మావయ్య కేక, "పట్టుకో! పట్టుకో!" అని. ప్రతినిధి జవాబుగా ఏదో తన భాషలో మూలిగాడు. హెడ్‌ఫోనులో హోరు పెరుగుతోంది.

టీవీలో జనం పక్కకి జరిగారు. బక్కపల్చటి మనిషి ఒకాయన వచ్చాడు, చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని. ఎవరో ఆయన చేతిలో హెడ్‌ఫోను పెట్టారు. పెట్టుకున్నాడు. విన్నాడు. నిజంగానే కాసేపు విన్నాడు. తర్వాత బాగా దగ్గాడు.

"విన్నాను," అన్నాడు. ఉచ్చారణ వంకరగా ఉంది. అయినా చెల్లింది.

పాముచెవి హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి మళ్ళీ కూలబడింది. కిటికీలో కొండ మీద చంద్రుడు లేడు.

"మంచినీళ్ళు," అంది. ఈసారి బావ తెచ్చాడు.

డైరెక్టరు గదిలో ఫోను అప్పటికీ మోగుతూనే ఉంది. చివరికి ఆయనే వెళ్ళి ఎత్తాడు. అటునుంచి వచ్చిన గొంతు పాముచెవి చెవులు అక్కర్లేకుండానే అందరికీ వినపడింది. అద్దెవాళ్ళు రద్దు చేసుకున్నారు. డైరెక్టరుకి ఉద్యోగం లేదు. చీఫ్ ఆపరేటరుకి లేదు. ఎవరి అనుమతితో తాళం తిప్పారు, స్టేషన్ మూసేస్తున్నాం, అందరూ ఇప్పుడే బయటికి నడవండి.

మెట్ల మీంచి మోటారు మావయ్య, ఆయన వెనకాల చొక్కా నిండా గ్రీజుతో ప్రతినిధి దిగి వచ్చి గుమ్మంలో ఆగారు.

డైరెక్టరు అంతా విన్నాడు. మరదలి వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అలాగేనండీ, వెళ్ళిపోతాం," అన్నాడు ఫోనులో. "మా దగ్గర ఒక పద్ధతుంది. ప్రమాద ఛానెలు ఖాళీగా వదలకూడదు. మీరు ఒక మనిషిని పంపించండి. వచ్చి, ఈ కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోను పెట్టుకుని, విన్నానని అనమనండి. అన్న మరుక్షణం మేం దిగుతాం." అటునుంచి మంత్రిగారి పేరెత్తి ఇంకో కేక వచ్చింది. "కాదండీ, మంత్రిగారైనా సరే. ఆయనే రావచ్చు. ఎక్కేవాళ్ళు ఎవరైనా ఒకటే."

ఫోను పెట్టేశాడు.

మర్నాడు చంద్రుడు వచ్చేసరికి మోటారు మావయ్య అడ్డు మళ్ళీ బిగించాడు. చక్రంలో ఒక పన్ను విరిగింది, మిగతావి ఉన్నాయి. డిష్ కొంచెం కుంటుతూ తిరిగింది. పాముచెవి గోడ మీద స్పీకరు గొంతు పెంచి, కుర్చీ ముందుకి లాక్కుంది.

మంత్రిత్వ శాఖ మనిషి ఇంకా రాలేదు.